రెండు పొరల డిస్కు

ఆ ఎండాకాలం మా అన్న కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించేవాడు. వీపు తగిలి తగిలి గోడ సున్నం ఒక మనిషి వెడల్పున రాలిపోయింది. రాలిన సున్నం వదిన రోజూ పొద్దున్నే చిమ్మేది.

అన్న పలుగురాయి పిండి మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. నేను ఇంటిపట్టున ఉండి ఉన్న కాస్త పొలం చూసుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ముగ్గురం ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం. మిల్లులో లేచే పిండి కంటికి ఆననంత సన్నం. ముక్కులోంచి లోపలికి పోతుంది, బయటికి రాదు. మిల్లు మూతపడ్డాక ఊళ్ళో అన్నలాంటివాళ్ళు పంతొమ్మిది మంది మిగిలారు.

ఎండలు ముదరకముందే ఒక నోటీసు వచ్చింది. మిల్లు రోగుల కోసం ప్రభుత్వం కమిటీ వేసింది. ఒక ఆఫీసరు, ఒక డాక్టరమ్మ. వాళ్ళు చూసి సరేనన్నవాళ్ళకి ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషను ఇస్తారు. కొనాలంటే మా పొలం అమ్మినా చాలదు. కమిటీ కూర్చునే చోటికి బస్సులో నాలుగు గంటలు. మావాళ్ళలో చాలామంది బస్సు మెట్టు ఎక్కలేరు. రాలేనివాళ్ళు వీడియో పంపవచ్చని నోటీసులో ఉంది. మనిషి తన మాట చెప్పుకోవాలి. ఆ తరవాత చొక్కా విప్పి, మాట్లాడకుండా ఒక నిమిషం ఊపిరి తీయాలి. కింద లావు అక్షరాల్లో, ఊరికి ఒక డిస్కు మాత్రమే అని వేశారు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. అచ్చులో ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకుంటాను.

టౌన్లో పెళ్ళి వీడియోలు తీసే షాపాయన కెమెరా పట్టుకుని వచ్చాడు. మూసేసిన మిల్లులో కాటా షెడ్డు ఒకటి మిగిలి ఉంది. అందులో ఒక కుర్చీ వేశాం. అందరినీ పోగుచేసింది మేస్త్రీ. ఒకప్పుడు మిల్లులో షిఫ్టు మేస్త్రీ. ఆ పంతొమ్మిది మందిలో నడవగలిగిన ఇద్దరు ముగ్గురిలో ఒకడు.

"పెద్దవాళ్ళని ముందు కూర్చోబెట్టు మేస్త్రీ," అన్నాడు అన్న. "హీరో ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు."

"హీరోవి! అద్దంలో చూసుకున్నావా ఈమధ్య?"

"చూసుకున్నా. అందుకే ఆలస్యంగా వస్తానంటున్నా."

నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నాడు. పద్నాలుగోవాడుగా కూర్చున్నాడు. ఎన్నేళ్ళు పనిచేశాడో, ఏ మిషను దగ్గర పనిచేశాడో చెప్పాడు. చొక్కా విప్పాడు. నేను కెమెరా పక్కన నిలబడి చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద ఒక గుంట పడుతోంది. పక్కటెముకల సందుల్లో తోలు లోపలికి పోతోంది. ఇంట్లో రోజూ చూసే మనిషే. ఒక నిమిషం పాటు ఎప్పుడూ చూడలేదు.

ఇది కనపడితే చాలు అనుకున్నాను. డాక్టరమ్మ ఇది చూస్తే ఇక మాటలు అక్కర్లేదు.

వారం తరవాత డిస్కు తీసుకోవడానికి నేను టౌనుకి వెళ్ళాను. షాపాయన ముప్పై ఏళ్ళవాడు. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటాడు.

"మొత్తం మూడు గంటల యాభై నిమిషాలు వచ్చింది బాబాయ్. మామూలు డిస్కులో రెండు గంటలు పడుతుంది. ఇప్పుడు చెప్పు, ఏం చేద్దాం?"

"ఒకటే డిస్కు కావాలి."

"అయితే కూరాలి. నాలుగు గంటల బొమ్మని రెండు గంటల జాగాలో కూరితే మసకబారుతుంది. చూడు."

చూపించాడు. అన్న ముఖం నీళ్ళడుగున ఉన్నట్టుంది. మెడ కింద గుంట లేదు. ఛాతీ అంతా కలిసిపోయి ఒకటే పలకలా ఉంది. ఆ పలక చూస్తే ఎవరికీ రోగం ఉందని అనిపించదు.

"ఇది వద్దు," అన్నాను.

సొరుగు లాగి అడుగునుంచి ఇంకొకటి తీశాడు. దాని మీద దుమ్ము ఉంది. "అయితే ఇది. రెండు పొరలది. మేడ మీద మేడ అనుకో. నీ నాలుగు గంటలూ దర్జాగా కూర్చుంటాయి. బొమ్మ చెడదు."

"ఎంత?"

చెప్పాడు. మామూలు డిస్కు ఒక టీ ఖరీదు చేస్తుంది. ఇది రెండు రోజుల కూలి.

"బంగారం పూశారా దీనికి?"

"ఎవరూ కొనరు బాబాయ్, అందుకే ఆ రేటు. మూడు తెప్పించాను. ఏడాదినుంచి మూడూ నా మొహమే చూస్తున్నాయి."

"ఎందుకు కొనరు?"

"అన్ని మిషన్లలో ఆడవు." కళ్ళజోడు తీసి డిస్కుని వెలుతురుకి పెట్టి చూపించాడు. "లోపల ఎర్రదీపం ఒకటి ఉంటుంది. అది ముందు ఒక పొర చదువుతుంది. అది అయిపోయాక, దాని వెనకున్న పొర మీదికి చూపు మార్చుకోవాలి. కొత్త మిషన్లకి ఆ విద్య వచ్చు. పాతవాటికి రాదు. అక్కడే నిలబడి గుడ్లప్పగిస్తాయి."

చేయమన్నాను. పొద్దున పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. షాపులో ఉన్న ప్లేయర్లో పెట్టాడు. నడి మధ్యలో బొమ్మ ఒక్క రెప్పపాటు ఆగి మళ్ళీ కదిలింది. అన్న దాకా తోసి చూపించాడు. మెడ కింద గుంట స్పష్టంగా ఉంది.

"ఆడిందిగా," అన్నాను.

"నాది నిరుడు కొన్నది. ఆఫీసువాళ్ళది ఏ కాలంనాటిదో నీకు తెలుసా, నాకు తెలుసా? ఒక పని చెయ్యి. రెండు మామూలువాటిలో కూడా ఎక్కించి ఇస్తాను. జేబులో పడేసుకో. ఇది మొరాయిస్తే అవి ఇద్దువు. రెండు టీల ఖర్చు."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

గోడ గడియారంలో మూడున్నర. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఆరున్నరకే. ఆ సాయంత్రం కాలవ నీళ్ళ వంతు నాది. వంతు తప్పితే పదిరోజుల దాకా రాదు. మొక్కజొన్న కంకి పాలుపోసుకుంటున్న సమయం.

"నోటీసులో ఒకటే అని ఉంది," అన్నాను.

"నీ ఇష్టం బాబాయ్."

నాలుగింటి బస్సు అందింది. చీకటి పడేలోగా పొలమంతా తడిపాను. ఇంటికి వస్తే అన్న దిండు మీంచి తలెత్తాడు.

"ఎలా వచ్చిందిరా?"

"బాగా వచ్చింది. అద్దంలో చూసినట్టున్నావు."

"జుట్టు దువ్వుకుని ఉండాల్సింది," అన్నాడు.

"ఆ, నీ క్రాపు చూసే ఇస్తారు మిషను," అంది వదిన. ఆ రోజు ఆమె గొంతులో కాస్త నవ్వు ఉంది.

షాపాయన చెప్పిన మిగతా మాట నేను చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరూ అడగలేదు.

కమిటీ రోజున నేనూ మేస్త్రీ వెళ్ళాం. పొడుగాటి గది. ఒక చివర బల్ల వెనక ఆఫీసరు, డాక్టరమ్మ. ఇంకో చివర స్టూలు మీద టీవీ, దాని కింద ప్లేయరు. ప్లేయరు మూత విరిగితే రబ్బరు బ్యాండు కట్టారు. గుమాస్తా డిస్కు తీసుకుని, ఊరి పేరు రాసుకుని, లోపలికి తోశాడు.

ఆడింది. మొదటివాడు మాట్లాడాడు. డాక్టరమ్మ మాటలు వింటూ రాసుకునేది, చొక్కా విప్పగానే కలం కింద పెట్టేది. ఆ నిమిషం మాత్రం పూర్తిగా చూసేది. వేలు బల్ల మీద ఆనించి ఊపిరులు లెక్కపెట్టేది. మంచి మనిషి. ఒకరి తరవాత ఒకరు, తొమ్మిది మందికీ సరేనంది.

పదోవాడు చొక్కా గుండీలు తీస్తున్నాడు. రెండో గుండీ దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

ఆలోచిస్తున్నాడేమో అనుకున్నారు అందరూ. నాకు తెలుసు.

గుమాస్తా ప్లేయరు తట్టాడు. ముందుకి తోశాడు. డిస్కు బయటికి తీసి, పంచెతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తొమ్మిది మంది వచ్చారు. మళ్ళీ రెండో గుండీ.

"ఏం డిస్కయ్యా ఇది?" అన్నాడు గుమాస్తా.

"రెండు పొరలదండీ," అన్నాను.

"ఒక పొరది తేలేకపోయారా? మా కంప్యూటర్లో ఉన్నది సీడీలు చదివేదే. ఇది తప్ప ఇంకో మిషను లేదు."

మేస్త్రీ డిస్కు లాక్కుని బజారులోకి పరిగెత్తాడు. ఆయన పరుగంటే పది అడుగులకోసారి స్తంభం పట్టుకోవడమే. ఒక కొట్లో ప్లేయరు దొరికితే పెట్టించాడట. అదీ అక్కడే ఆగింది. ఆయన తిరిగి వచ్చేసరికి కమిటీ ఇంకో రెండు ఊళ్ళ డిస్కులు చూసేసి జీపెక్కుతోంది.

"తొమ్మిది మందివి ఈ వారంలో వస్తాయి," అన్నాడు ఆఫీసరు. "మిగతావాళ్ళని మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాం. పది వారాలు. ఆడే డిస్కు తీసుకురండి."

బస్సులో మేస్త్రీ నా మోకాలు మీద చెయ్యి వేశాడు. "మనకేం తెలుస్తుందిలే వీటి సంగతి," అన్నాడు. ఆయనది ఆరో నంబరు. ఆయనకి వచ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో, డిస్కు సగంలో ఆగిపోయిందని చెప్పాను. అన్న, "హీరో రాకముందే హాల్లో కరెంటు పోయిందన్నమాట," అన్నాడు. వదిన లోపలికి వెళ్ళింది.

మిషన్లు వచ్చాయి. ఒక్కొక్కటి చిన్న సందూకు పెట్టెంత. మా ఇంటికి ముప్పై గజాల దూరంలో మేం పొడుగాయన అని పిలిచే మిల్లు మనిషిది ఇల్లు. ఆయన మూడో నంబరు. మధ్యాహ్నం పూట ఒక అరగంట గొట్టం తీసి అన్నకి ఇచ్చేవాడు.

"లెక్క రాసుకో మావయ్యా, నీ గాలంతా నేను తాగేస్తున్నా," అనేవాడు అన్న.

"తాగు తాగు. కరెంటు బిల్లు నీ పేరున పంపిస్తాలే."

ఆ అరగంట అన్న కళ్ళు మూసుకునేవాడు. వేళ్ళ గోళ్ళకి రంగు వచ్చేది. నేను గడపలో కూర్చుని ఆ గోళ్ళే చూసేవాణ్ణి. మొదట్లో ఆ ముప్పై గజాలూ నడిచాడు. తరవాత నా భుజం పట్టుకున్నాడు. ఆ తరవాత నేనే ఎత్తుకు వెళ్ళాను. బరువేం లేడు.

ఒకరోజు వద్దన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"నాకు గొట్టం ఇచ్చినప్పుడల్లా ఆయన పెదాలు నల్లబడుతున్నాయిరా. నువ్వు చూడలేదా?"

చూశాను. నాలుగు రోజులుగా చూస్తున్నాను.

"ఇంకెన్ని వారాలు?" అని అడిగాడు.

"నాలుగు."

"నాలుగే కదా," అన్నాడు.

కోతలు మొదలైన మూడో రోజు నేను పొలంలో ఉన్నాను. మేస్త్రీ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. అంత దూరం ఆయన నడిచి రాకూడదు. పిలవలేదు. నేను కొడవలి కింద పెట్టాను. ఇద్దరం ఇంటికి నడిచాం. ఆయన ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. ఇంటి ముందు జనం ఉన్నారు. అన్న గోడకే ఆనుకుని ఉన్నాడు. ఎవరో పడుకోబెట్టబోతే వదిన, "కాసేపు ఉండనివ్వండి," అంది.

అన్న పోయిన నాలుగో రోజున వెళ్ళి మిగిలిన కోత కోశాను. ఎందుకు కోశానో తెలియదు. చేతులు కోశాయి.

కమిటీ మళ్ళీ వస్తోందని కబురు వచ్చింది. ఈసారి ఇంటికొకరు సంతకానికి రావాలన్నారు. ముందురోజే డిస్కులు చేయించాలి. "నేనూ వస్తాను," అంది వదిన.

షాపాయన ఆమెకి స్టూలు వేశాడు. నా వైపు చూశాడు. "పోయినాయన బొమ్మ తీసేయమంటారా?" అని మెల్లిగా అడిగాడు.

"ఉంచండి," అంది వదిన.

రెండు మామూలు డిస్కులు పెట్టెలోంచి తీసి, చేత్తో పని చేసుకుంటూ, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు. "నేను అప్పుడే చెప్పాను కదా బాబాయ్. పాతవాటిలో ఆడదు, ఈ రెండూ జేబులో పడేసుకో అని."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. వదిన నన్ను చూడలేదు. అతన్ని అడిగింది.

"ఎంత అయ్యేది బాబూ?"

"రెండు టీల ఖర్చమ్మా."

"ఎంతసేపు పట్టేది?"

"రెండు గంటలు." అప్పుడు అతనికి తాను ఏమన్నాడో అర్థమైంది. తల వంచుకుని పని చూసుకున్నాడు.

వదిన చాలాసేపటి తరవాత నన్ను అడిగింది. "ఎందుకు ఆగలేదు?"

"నీళ్ళ వంతు ఉంది."

తల ఊపింది. అర్థమయిందన్నట్టే ఊపింది. రెండు గంటలూ అక్కడే కూర్చున్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఆ రోజునుంచి అన్నం గిన్నె నా ముందు పెట్టేది, నా ముఖం వైపు చూసేది కాదు.

అదే గది, అదే ప్లేయరు, అదే రబ్బరు బ్యాండు. నేను రెండు డిస్కులు ఇచ్చాను.

"రెండున్నాయే?" అన్నాడు గుమాస్తా.

"ఒకటే తెమ్మని నోటీసులో..." అన్నాను.

"ఒకటో రెండో, ఆడితే చాలయ్యా," అని రెండోది లోపలికి తోశాడు.

పదోవాడు గుండీలన్నీ తీశాడు. పదకొండు, పన్నెండు, పదమూడు. అన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న చొక్కా విప్పాడు. మెడ కింద గుంట ఆ గది చివరినుంచి కూడా కనపడింది. డాక్టరమ్మ వేలు బల్ల మీద కొట్టుకుంటోంది. నిమిషం కాకముందే ఆపేసింది.

"ఈయనని ఇన్నాళ్ళు ఎలా ఆపారు?" అంది ఆఫీసరుతో. "అందరికన్నా ముందు ఈయనకి పంపండి. రేపే వెళ్ళాలి."

గుమాస్తా ఎర్ర కలం తీసి నంబరు చుట్టూ సున్నా చుట్టాడు. "ఇంటివాళ్ళెవరు?"

వదిన లేచింది.

"ఇంట్లో కరెంటు ప్లగ్గు ఉందా అమ్మా?"

నేను నోరు తెరిచాను. వదిన, "ఉందండి," అంది. చూపించిన చోట సంతకం పెట్టింది.

వరండాలో అడిగాను. "ఎందుకు వదినా?"

"రేపే వెళ్ళాలి అంది కదా ఆవిడ. ఎవరో ఒకరు అన్నారు కదా ఆ మాట. పేరు కొట్టేయమని నేనెలా చెప్పను?"

మర్నాడు పదిగంటలకి వ్యాను వచ్చింది. డ్రైవరు, అతనితో మిషను బిగించే మనిషి. మిషను లోపలికి తెచ్చి అన్న కూర్చున్న గోడ దగ్గరే పెట్టారు. ప్లగ్గు అక్కడే ఉంది. నీళ్ళ సీసా ఎక్కడ బిగించాలి, దుమ్ము పట్టే జల్లెడ ఎన్ని రోజులకి కడగాలి, కరెంటు పోతే ఏం చేయాలి, అన్నీ చెప్పాడు బిగించే మనిషి. వదిన అన్నీ విన్నది. ఒకసారి జల్లెడ సంగతి మళ్ళీ అడిగింది. మీట నొక్కితే మిషను గురగురమంది.

"పేషెంటు ఏడమ్మా? గొట్టం కొలత చూడాలి."

వదిన నా వైపు తిరిగింది. షాపు రోజు తరవాత ఆమె నా కళ్ళలోకి చూడటం అదే. కోపం లేదు. ఏమీ లేదు.

"ఈయనే," అంది.

నేను వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. అతను గొట్టం నా చెవుల మీదుగా వేసి, గడ్డం కింద బిగించి, రెండు కొసలూ ముక్కులో సరిచేశాడు.

"గాలి వస్తోందా?"

వస్తోందని చెప్పాను.